మడగట్టు కూర్చోవడం నేర్చుకున్న సంవత్సరం

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడ మస్తాన్ బీ పెళ్లయిన మూడో రోజున కనిపెట్టింది, రేపల్లె ఊరు ఆ తర్వాత నిదానంగా కనిపెట్టింది. ఆఫీసుల వీధిలో గోడవారగా నీలం పరదా కట్టుకుని, దాని కింద తెలుగు టైపు మిషను పెట్టుకుని ముప్పై ఏళ్లుగా అర్జీలు రాస్తున్నవాణ్ణి. పేరు లాల్ అహమ్మద్. అర్జీ రాయించుకోవడానికి వచ్చిన మనిషి తన కష్టం సూటిగా చెప్పి చావడు. రేషన్ కార్డు కోసం వచ్చి మేనత్త పెళ్లి దగ్గర మొదలుపెడతాడు. అదంతా విని అరపేజీకి దింపాలంటే ఎవడికైనా ఒళ్లు మండుతుంది.

చెంచమ్మ ఒక్కతే ఒక్క ముక్కలో చెప్పింది. 2008 ఫిబ్రవరిలో ఓ పొద్దున చెప్పుల్లేని కాళ్లతో వచ్చి నా బల్ల ముందు నిలబడింది. అరవై దాటిన మనిషి, సన్నగా, ఎండిన చింతబరికెలా ఉంది.

“సాయిబుగారూ, ఏడుసార్లు లేశామండి. ఎనిమిదోసారికి నా మోకాళ్లు లెగవు. అట్టా ఒక కాయితం రాసిపెట్టండి.”

“ఎక్కణ్ణించి లేచారమ్మా?”

“మా గట్టు మీంచండి.”

“ఎవరు లేపారు?”

“గొలుసు పట్టుకొచ్చినోళ్లండి,” అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

రేపల్లెకు దక్షిణంగా, ఉప్పుకాలవ సముద్రం వైపు తిరిగే మలుపులో ఉంటుంది మడగట్టు. ఒక పక్క మడ అడవి, ఒక పక్క వరి చేలు, మధ్యలో పొడుగ్గా ఎత్తుగా ఒక గట్టు. దాని మీద ముప్పై ఒక్క యానాది గుడిసెలు. కాలవలో పీతలు పడతారు, చేలల్లో ఎలుకలు పడతారు. కోతలప్పుడు చుట్టుపక్కల రైతులందరికీ వీళ్లు కావాలి. కోతలయ్యాక వీళ్లు ఎక్కడుంటారో ఎవరికీ అక్కర్లేదు. కాయితాల్లో ఆ గట్టు అడవి కిందే ఉంది, దాని మీద ఊరున్నట్టు ఎక్కడా లేదు.

గొలుసంటే సర్వే గొలుసు. ఒకసారి చెరువుల కోసం, ఒకసారి రోడ్డు కోసం, ఒకసారి ఎందుకో వాళ్లకే తెలియకుండా, ఎవరో ఒకరు ఆ గట్టును కొలవడానికి వచ్చేవారు. వెనకాలే ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చేది. మడగట్టు వాళ్లు గొడవ పడేవాళ్లు కాదు. గుడిసెలు విప్పి, చుట్టి, నెత్తిన పెట్టుకుని కాలవ దాటి పోయేవాళ్లు. గొలుసు తెచ్చినవాళ్లు మర్చిపోయాక మళ్లీ వచ్చి అదే గట్టు మీద గుంజలు పాతుకునేవాళ్లు. ఒకసారి సూర్యలంక దాకా పోయి, అక్కడి పల్లెకారుల వలలు బాగుచేస్తూ ఒక చలికాలం గడిపి వచ్చారు. ఉప్పెన వచ్చినప్పుడు కూడా లేచారు గానీ, ఉప్పెన నోటీసు ఇవ్వలేదు కాబట్టి చెంచమ్మ దాన్ని లెక్కలో వెయ్యదు.

ఆమె ఆ గట్టు మీదే పుట్టింది. ఏ సంవత్సరమో ఎవరూ రాసిపెట్టలేదు. ఆమెకు కాలం తెలిసేది ఆ లేవడాలతోనే. పెద్ద కూతురు రెండోసారి లేచిన వారానికి పుట్టింది. మొగుడు పోలయ్య ఐదోసారికీ ఆరోసారికీ మధ్య పాము కరిచి పోయాడు. పొలంగట్టు మీద బోర్లా పడుకుని, ఎలుక బొక్కకు చెవి ఆనించి లోపల ఎన్ని ఉన్నాయో చెబుతుంది. తర్వాత తవ్వి చూస్తే ఒకటి అటో ఇటో అంతే. ఇక గుడిసె విప్పడంలో ఆమెను మించినవాళ్లు కాలవకు రెండు వైపులా లేరు. తాటాకు, వాసాలు, కుండలు, కోళ్లు, మనవరాలు, అన్నీ కట్టి నెత్తికెత్తుకోవడానికి పదకొండు నిమిషాలు. నేను వాచీ పెట్టి మరీ చూశాను.

మడగట్టులో సర్పంచి లేడు, పోలీసు లేడు. ఏ రోజు ఎవరు ఏ పాయలో పీతలు పట్టాలో పొద్దున్నే వేపపుల్ల నములుతూ చెంచమ్మ చెప్పేది. పిల్లపీతల్ని పట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేది. ఇద్దరు తగువు పడితే ఆ ఇద్దరూ మూడు రోజులు ఒకే కుండలో వండుకుని తినాలి, అదే శిక్ష. మొదటి రోజు మాట్లాడుకోరు. రెండో రోజు ఉప్పు గురించి మాట్లాడుకోక తప్పదు. మూడో రోజుకు తగువు ఎందుకొచ్చిందో ఇద్దరికీ గుర్తుండదు.

అప్పటికి ఢిల్లీలో కొత్త చట్టం వచ్చి ఏడాది దాటింది. అడవిలో బతికే గిరిజనులు తాము ఉంటున్న నేల మీద హక్కు అడగొచ్చు, ఆ అడవిని ఎలా కాపాడుకోవాలో, ఎలా వాడుకోవాలో తమ గ్రామసభలో తామే తీర్మానించుకోవచ్చు. గిరిజనులంటే కొండల మీదే ఉంటారని మా వైపు అందరి నమ్మకం, పేరులోనే గిరి ఉంది కదా అంటారు. సముద్రానికి నాలుగడుగుల ఎత్తున, మోకాలి లోతు బురదలో కూడా ఉంటారంటే నవ్వుతారు. నేను ఆ చట్టం కాపీ తెప్పించి, రెండు ఆదివారాలు కూర్చుని చదివాను. బాగుంది. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా.

మొదటి గ్రామసభ కిలోమీటరున్నర దూరంలో ఉన్న పెద్దవూళ్లో పెట్టారు. కుర్చీల్లో రొయ్యల చెరువుల ఆసాములు, వెనకాల నేల మీద యానాదులు. కుర్చీల్లో అందరికంటే ముందు హనుమయ్య.

“నీకెందుకమ్మా చెంచమ్మా భూమి?” అన్నాడు నవ్వుతూ. “తిరిగే కాళ్లు మీయి. ఆ గట్టు మీద నన్ను చెరువు తవ్వుకోనిస్తే ఏడాదంతా కాపలా పని మీవోళ్లకే ఇస్తా.”

హనుమయ్య చెడ్డవాడేమీ కాదు. ఎండలో వస్తే సోడా తెప్పిస్తాడు, పెళ్లికి చీర పెడతాడు. అతనికి గట్టు కావాలి, అంతే. లీజుకు దరఖాస్తు పెట్టుకున్నాడు, బాపట్లలో మట్టి తవ్వే పొక్లెయిన్ కూడా మాట్లాడుకున్నాడు. ఆ గట్టు తవ్వి చెరువు కడితే కాలవ మూతి పూడిపోతుంది. మూతి పూడితే మడ అడవిలోకి సముద్రపు నీళ్లు రావు, పీతలు రావు. పీతలు లేకపోతే మడగట్టు వాళ్లు వెళ్లి మళ్లీ రావడానికి ఏమీ ఉండదు. ఈసారి లేస్తే తిరిగి రావడం ఉండదని చెంచమ్మకు తెలుసు. అందుకే నా దగ్గరికి వచ్చింది.

ఆ సభ చూసి నాకు ఒళ్లు మండి, చట్టం మళ్లీ చదివాను. ఒక వాక్యం దొరికింది. ఊరంటే రికార్డులకెక్కిన ఊరే అవనక్కర్లేదు, పాతకాలం నుంచి మనుషులుంటున్న చోటు కూడా ఊరే. దాని కింద ఎర్రగీత కొట్టి ఆరు అర్జీలు పెట్టాను. ఆరో అర్జీకి విసుగొచ్చి ఒప్పుకున్నారు. ఏప్రిల్‌లో మడగట్టు గ్రామసభ మడగట్టు మీదే జరిగింది.

“చట్టం ప్రకారం అడవి హక్కుల కమిటీ వెయ్యాలి, దానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి,” అన్నాను.

“ఆయనేం చెయ్యాలండి?” అని చెంచమ్మ తమ్ముడు కొండయ్య అడిగాడు.

“అందరికంటే ముందు మాట్లాడాలి. అందరికంటే ఎక్కువ తిట్లు తినాలి.”

“అయితే మా అక్కే.”

ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ గొల్లున నవ్వారు. ఎన్నిక అయిపోయింది. కొండయ్యకు తన పేరు రాయడం వచ్చు కాబట్టి కార్యదర్శి అయ్యాడు. పీతల్ని ఎవరు ఎక్కడ పట్టాలి, మడచెట్టు నరికితే ఏం చెయ్యాలి అన్నవన్నీ మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. రాసింది నేనే గానీ, కొత్తగా చెప్పింది ఏమీ లేదు, అవన్నీ చెంచమ్మ వేపపుల్ల నములుతూ చెప్పేవే. భూమి రాకముందే కమిటీయా అని పెద్దవూరివాళ్లు ఎగతాళి చేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు.

జూన్‌లో అధికారులు తనిఖీకి వస్తామన్నారు. ఇక్కడ తప్పు నాది, ఒప్పుకుంటాను. వాళ్లు వచ్చి గుడిసెలు, పొయ్యిలు చూసి, మీరు ఇక్కడ ఉంటున్నట్టు రాసుకుంటారు, అందరూ ఇంటిపట్టునే ఉండండి అని చెప్పాను. కొలవడానికి గొలుసు కూడా తెస్తారని చెప్పలేదు. అంత చిన్న సంగతి చెప్పాలని నాకు తోచలేదు. ఆడవాళ్లు ముందురోజే వాకిళ్లు అలికారు. చెంచమ్మ అధికారుల కోసం పెద్దకుండతో పీతల కూర వండింది.

ఆ రోజే నేనెక్కిన ఆటో టైరు పేలింది. మిగతా మూడు కిలోమీటర్లు తిట్టుకుంటూ నడిచాను. నేను చేరేసరికి జీపు వెనక్కి తిరుగుతోంది. గట్టు మీద ఒక్క గుడిసె లేదు. ముప్పై ఒక్క పొయ్యిలున్నాయి, కొన్నిటిలో నిప్పు ఇంకా కణకణమంటోంది. కంగారులో వదిలేసిపోయిన కోడిపెట్ట ఒకటి అటూ ఇటూ తిరుగుతోంది.

జరిగింది తర్వాత తెలిసింది. జీపు ఆగింది. మడగట్టంతా చేతులు జోడించి నిలబడింది. అంతలో ఒకతను సీటు కింద నుంచి సర్వే గొలుసు తీసి నేల మీద పడేశాడు. దాని గలగల విన్నారో లేదో, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే గుడిసెలు విప్పడం మొదలుపెట్టారు. హనుమయ్య స్కూటరు మీద ముందు పోతూ అధికారులకు అవతలి హద్దు చూపించి తీసుకొచ్చేలోపు ఊరు లేదు. సర్వేయరు కళ్లు నులుముకుని చూశాడట.

నేను జీపుకు అడ్డం పడ్డాను. “సార్, పొయ్యిలు చూడండి, ఇంకా వేడిగా ఉన్నాయి.”

“మనుషులు లేని చోట ఉన్నారని ఎలా రాయమంటావయ్యా?” అని ముందు సీట్లో ఉన్న ఆఫీసరు అద్దం ఎక్కించేశాడు. “సదరు స్థలమున నివాసములు కనబడలేదు” అని రిపోర్టు రాసుకుని వెళ్లిపోయారు. మొదటికే మోసం వచ్చింది.

కోడిపెట్టను చంకన పెట్టుకుని, పంట్లాం పైకి మడుచుకుని కాలవ దాటాను. అవతలి ఒడ్డున గుడిసెలు అప్పుడే సగం లేచాయి. చెంచమ్మ అదే కూరకుండ మళ్లీ పొయ్యి మీదికి ఎక్కిస్తోంది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

“బుద్ధుందా మీకు? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ గొలుసు మీ కోసం వచ్చింది! మీకు ఇవ్వడానికి కొలుద్దామని వచ్చింది! దాన్ని చూసే పరిగెడతారా?”

ఇంకా చాలా అన్నాను. అంతా అయ్యాక చెంచమ్మ నాకు పీట వేసింది.

“తిట్టండి బాబూ. తిట్లు తినటానికే గదా నన్ను పెట్టింది,” అంది. తర్వాత గరిటె పక్కన పెట్టి, “కాళ్లు నన్నడిగి లెగిసినయ్యా?” అంది.

అప్పుడు ఆమె మొహం చూశాను. ఎనిమిదోసారి లేవలేనని నా బల్ల ముందు నిలబడి చెప్పిన మనిషి, ఎవరూ పొమ్మనకుండానే లేచి వచ్చేసింది. ఆ సిగ్గుతో తల ఎత్తలేకపోతోంది. నా కోపం ఎటు పోయిందో పోయింది. పీతలు మా ఇంట్లో తినరని చెబితే నాకు కోడిగుడ్డు వేయించి పెట్టింది. ఆ రోజు నుంచి ఆమెను అక్కా అనే పిలిచాను.

తింటుంటే అడిగింది. “మేం ఆడ ఉన్నట్టు కాయితం ఏవన్నా అడిగారా బాబూ?”

“అడక్కుండా ఉంటారా? మీ దగ్గర ఏముంది గనక?”

“ఇయ్యి ఉన్నాయి గదండి,” అని సామాను కట్టలోంచి వెదురు గొట్టం ఒకటి తీసి, బిరడా లాగి, నా ఒళ్లో బోర్లించింది. చుట్టలు చుట్టిన కాయితాలు. ఏడు. “సర్కారు ముద్దరున్న కాయితం పారేస్తే కళ్లు పోతాయనేవోడు మా ఆయన.”

అవి ఖాళీ చెయ్యమని వచ్చిన ఏడు నోటీసులు. మొదటిది డెబ్బై ఒకటిలోది, చివరిది రెండువేల నాలుగులోది. ఉప్పెనలో ఈ గొట్టం తేలి, మడచెట్టుకు తగులుకుని దొరికిందట. ఏడింటిలోనూ ఒకటే మాట: “చెంచమ్మ వగైరాలు సదరు గట్టుపై అనుమతి లేకుండా నివసించుచున్నందున.” నివసించుచున్నందున! గుడ్డు సగంలో వదిలేసి ఆ మాట నాలుగుసార్లు చదివాను.

సెప్టెంబరులో తెనాలిలో డివిజన్ కమిటీ ముందు విచారణ. రేపల్లె పాసింజరులో పద్దెనిమిది మందిమి వెళ్లాం. నేను పదకొండు పాయింట్లతో నాలుగు పేజీల వాదన టైపు చేసుకున్నాను. అందులో ‘అనాదిగా’ అన్న మాట ఆరుసార్లు వస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. గొంతు బాగుండాలని తెనాలి స్టేషను బయట మిరియాల పాలు కూడా తాగాను.

“తనిఖీ రోజున అక్కడ ఎవరూ లేరని రిపోర్టులో ఉంది,” అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాఫీసరు. “మీరు అక్కడే ఉంటున్నారని ఎట్లా నమ్మాలమ్మా?”

నేను గొంతు సవరించుకున్నాను. అంతలో చెంచమ్మ ముందుకు వెళ్లి ఏడు నోటీసులూ ఆయన ముందు వరసగా పరిచింది.

“లేనోళ్లకి ఇన్ని నోటీసులు ఎందుకిచ్చారండి?”

ఆయన ఏడూ చదివాడు. మధ్యలో టీ వస్తే వద్దన్నాడు. చదివి, కళ్లద్దాలు తీసి అడిగాడు. “మరి ఆ రోజు ఎందుకు వెళ్లిపోయారు?”

“గొలుసొచ్చింది గదండి.”

పక్కనున్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. పెద్దాఫీసరు నవ్వలేదు. డిసెంబరులో మళ్లీ కొలతకు పంపిస్తానని రాశాడు. మేం బయటికి వస్తుంటే వెనక్కి పిలిచి, “ఇదే ఆఖరుసారమ్మా. ఈసారి లేస్తే నా చేతుల్లో ఏమీ లేదు. ఆ లీజు దరఖాస్తు వెనకాలే ఉంది,” అన్నాడు.

నా నాలుగు పేజీలు తిరుగు రైల్లో పల్లీలు పోసుకోవడానికి పనికొచ్చాయి.

మరునాడే మడగట్టు గ్రామసభ ఒక తీర్మానం చేసింది. పుస్తకంలో నా చేతిరాతే ఉంటుంది: “గొలుసు వచ్చినప్పుడు ఎవరూ లేవరాదు. లేచినవారు ఆ రోజు కాలవలోకి దిగరాదు.” తీర్మానం రాయడం తేలికే. కూర్చోవడం వాళ్లకు అలవాటు లేదు, దాన్ని నేర్పాలి. మా ఇంట్లో పాత బావిగొలుసు ఉంటే సంచిలో వేసుకుని ఆదివారం ఆదివారం బయల్దేరాను. నేను సర్వేయర్ని. తల మీద టోపీ, చేతిలో గొలుసు, వాళ్లను చూసి కసరడం.

“కసరటం మీకు నేర్పక్కర్లేదు. ఇప్పుడు దానికి వేషం కూడా కుదిరింది,” అంది మస్తాన్ బీ.

మొదటి ఆదివారం గొలుసు నేలకు తగలగానే అందరూ లేచారు. ఇద్దరు తాళ్లు విప్పడం కూడా మొదలుపెట్టారు. రెండో ఆదివారం సగం మంది లేచారు. కార్తీకం నాటికి ముసలివాళ్లు కూడా కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నారు. పిల్లలైతే నన్ను చూసి ఆవలించేవాళ్లు. ఒక్కరు మాత్రం ప్రతి ఆదివారం లేచేవాళ్లు. ఆ ఒక్కరూ అధ్యక్షురాలు. తన తీర్మానం ప్రకారం తానే ఏడు ఆదివారాలు కాలవలోకి దిగకుండా గట్టు మీద గొణుక్కుంటూ ఉండిపోయింది.

“అక్కా, నువ్వే లెగిస్తే ఎట్టా?” అని కొండయ్య నెత్తి కొట్టుకునేవాడు.

“నేను లెగట్లేదురా, ఇది లెగుస్తంది,” అని మోకాలి మీద ఒక్కటి వేసేది. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం లోపల భయంగా ఉండేది.

డిసెంబరులో, కోతలు ముమ్మరంగా ఉన్న రోజున జీపు వచ్చింది. ఎలుకల కోసం నాలుగు ఊళ్ల రైతులు కబురు పెట్టినా మడగట్టు నుంచి ఒక్కరూ వెళ్లలేదు. నేను ముందురోజు నుంచీ అక్కడే ఉన్నాను, ఆటోలను నమ్మదల్చుకోలేదు. జీపు వెనకాల హనుమయ్య స్కూటరు. ఆ వెనకాల, దూరంగా రోడ్డు మీద, పసుపుపచ్చ పొక్లెయిన్ ఆగి ఉంది.

గొలుసు నేల మీద పడింది. అసలు గొలుసు చప్పుడు వేరు. నేను తెచ్చిన బావిగొలుసు దాని ముందు ఎందుకూ పనికిరాదని అప్పుడే తెలిసింది. ఎవరి గుడిసె ముందు వాళ్లు కూర్చుని ఉన్నారు. ఒక ముసలాయన రెండు చేతులతో గడ్డి పట్టుకున్నాడు. ఒకావిడ పిల్లాణ్ణి ఒళ్లో అదిమి పట్టుకుని కళ్లు మూసుకుంది. కొండయ్య పెదాలు కదులుతున్నాయి. ఎవరూ లేవలేదు. నేను చెంచమ్మ వంకే చూస్తున్నాను. మోకాళ్ల చుట్టూ చేతులు బిగించి కూర్చుంది.

సర్వేయరు కుర్రవయసువాడు, మర్యాదస్తుడు. గుడిసెలు లెక్కపెట్టాడు, పొయ్యిలు లెక్కపెట్టాడు. పడమటి వైపు నుంచి కొలత మొదలుపెట్టాడు. చైన్‌మేన్ ఒక కొస పట్టుకుని ముందు నడుస్తుంటే ఈయన రెండో కొస పట్టుకుని వెనక నడిచాడు. గట్టు అయిపోయి మడ అడవి మొదలయ్యే చోట చైన్‌మేన్ ఆగాడు. అవతల తొడలోతు బురద. అతను తన కొత్త ప్యాంటు వంక చూసుకున్నాడు.

“సార్, ఇక్కడికి వేసేసుకోండి. అటు అంతా అడుసే.”

“అవునండి, గట్టు ఇక్కడిదాకానే,” అని హనుమయ్య వెంటనే అందుకున్నాడు.

అక్కడికి వేసుకుంటే గుడిసెలు ఉంటాయి, కాలవ మూతి పోతుంది. సర్వేయరు పుస్తకం తెరిచాడు. నేను ఏదో అరవబోయాను.

చెంచమ్మ లేచింది.

“అక్కా, తీర్మానం!” అని కొండయ్య ఏడుపు గొంతుతో అరిచాడు. ఊరంతా ఆమె వంకే చూస్తోంది. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేస్తే మిగతా ముప్పై గుడిసెలూ విప్పేస్తారు, నాకు తెలుసు. ఆమె చీర పైకి దోపుకుంది. మోకాళ్లు టకటకమన్నాయి. సరాసరి చైన్‌మేన్ దగ్గరికి నడిచి చెయ్యి చాచింది.

“ఇటియ్యి నాయనా.”

అతను సర్వేయరు వంక చూసి, గొలుసు కొస ఆమె చేతిలో పెట్టాడు. ఆ కొస పట్టుకుని చెంచమ్మ బురదలోకి దిగింది. గొలుసు బిగిసినప్పుడల్లా ఒక పుల్ల గుచ్చి, “రండి సార్, ఆడ వేళ్ల మీద కాలెయ్యండి, గుంట ఉంది,” అని ఆయన్ను పిలుచుకుంటూ పోయింది. సర్వేయరు బూట్లు చేత్తో పట్టుకుని వెనకాల నడిచాడు. ఊరంతా లేచి వాళ్ల వెంట ఒడ్డున నడిచింది. తీర్మానం సంగతి ఎవరికీ గుర్తు లేదు, నాకూ లేదు. కాలవ మూతి దగ్గర, నడుంలోతు నీళ్లలో, ఆమె ఆగింది.

“చాలమ్మా. వేసుకున్నాను. ఇక వదిలెయ్యి,” అన్నాడు సర్వేయరు అవతలి కొస నుంచి.

“ఏం రాశారో చదవండి సార్.”

ఆయన చదివాడు. పదకొండు ఎకరాల ముప్పై సెంట్లు. ఏడాది తర్వాత గ్రామసభ పేరున వచ్చిన పట్టాలోనూ అదే అంకె ఉంది.

“కాలవ మూతి కలిసిందా?”

“కలిసిందమ్మా. వదిలెయ్యి ఇక.”

చెంచమ్మ వదల్లేదు. గొలుసును రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నిలబడింది.

“ముందు మీరు వదలండి సార్,” అంది.

సర్వేయరు నా వంక చూశాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన తన చేతిలో కొస వంక ఒకసారి చూసుకుని, వదిలేశాడు.